తెల్లారి లేవని కాళ్లు, చిటికెన వేలి సాక్ష్యం

పరకాల దగ్గర ఓ పల్లెలో పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఉన్నాడనుకుందాం. పగలంతా వడ్ల బస్తాలు మోశాడు. రాత్రి పెళ్లి దావత్‌లో బగారన్నం కడుపునిండా తిని పడుకున్నాడు. తెల్లారి చూస్తే కాళ్లు కదలవు. తెలివి ఉంది, మాట ఉంది, గిచ్చితే నొప్పీ తెలుస్తోంది. "గాలి సోకింది" అంటుంది నానమ్మ. వరంగల్ ఎంజీఎంకు తీసుకొస్తే రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని తేలుతుంది. మందు పడ్డాక, సాయంత్రానికి లేచి నడుస్తాడు.

చిక్కంతా ఆ తర్వాతే. వారం పోయాక రక్తం చూస్తే అంతా నార్మల్. మూడు నెలలకు మళ్లీ కాళ్లు పడిపోతాయి, మళ్లీ లేస్తాడు. "పనికి పోకుండా నాటకాలాడుతున్నడు" అనే మాట ఇక్కడే పుడుతుంది. నిజానికి ఇది పుట్టుకతో వచ్చే కండరాల జబ్బు కావచ్చు. పేరు హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్.

ఈ జబ్బులో కండర కణం పొరలోని కాల్షియం ద్వారంలోనో, సోడియం ద్వారంలోనో జన్యులోపం ఉంటుంది. అన్నం ఎక్కువగా తింటే ఇన్సులిన్ పెరుగుతుంది. అది రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుంది. మామూలు కండరం దీన్ని తట్టుకుంటుంది. లోపమున్న కండరం మాత్రం మొద్దుబారుతుంది. నరం కబురు పంపుతూనే ఉంటుంది, కండరం పలకదు. కష్టపడ్డాక తీసుకునే విశ్రాంతిలోనూ పొటాషియం ఇలాగే కణాల్లోకి పోతుంది. అందుకే కాళ్లు పడిపోయేది పని చేస్తుండగా కాదు, పని చేసి పడుకున్నాక.

పిల్లాడు బాగున్న రోజున ఈ లోపాన్ని పట్టుకునేదెలా? దానికి నరానికి కరెంటు పెట్టే పరీక్ష ఒకటుంది. 1986లో మెక్‌మానిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీన్ని ప్రచురించారు. చిటికెన వేలి పక్కనున్న కండరం మీద చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. మణికట్టు దగ్గర నరానికి చిన్న షాక్ ఇస్తారు. చురుక్కుమంటుంది, వేలు దానంతటదే ఎగురుతుంది, తెర మీద ఒక అల లేస్తుంది. దాని ఎత్తు రాసుకుంటారు. తర్వాత ఆ వేలిని 5 నిమిషాలు గట్టిగా బిగించమంటారు, మధ్యమధ్య కొన్ని సెకన్లు మాత్రమే విరామం. ఆపైన చెయ్యి కదల్చకుండా కూర్చోవాలి. 40 నిమిషాలకు పైగా, ఒకటి రెండు నిమిషాలకోసారి అదే షాక్.

ఆరోగ్యవంతుల్లో అల ఎత్తు పెద్దగా మారదు. ఈ జబ్బున్నవాళ్లలో మొదట కాస్త పెరిగి, ఆ తర్వాత మెల్లమెల్లగా కుంగుతుంది. గరిష్ఠ ఎత్తు నుంచి 40 శాతానికి మించి తగ్గితే అనుమానం బలపడినట్టే. ఆ రాత్రి ఒళ్లంతా జరిగినదే ఇక్కడ ఒక్క వేలిలో, డాక్టరు కళ్లముందే జరుగుతుంది. నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: రోగి మాటకు కండరమే సాక్ష్యం చెబుతుంది.

అయితే ఫలితం నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే కాళ్లు పడిపోవచ్చు, పరీక్షలోనూ ఇలాగే కనిపించవచ్చు. కాబట్టి థైరాయిడ్ తప్పక చూడాలి. పొటాషియం సొంతంగా కొని తాగడం ప్రమాదం, గుండె లయ తప్పవచ్చు.

చివరికి జన్యుపరీక్ష ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి లోపముంటే ఒక్కో బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే డాక్టరు ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయ్యిందా అని అడుగుతారు. ఒక్కోసారి పక్కన నిలబడ్డ తండ్రే నోరు విప్పుతాడు: "నా చిన్నప్పుడు నాక్కూడ గిట్లనే అయ్యేది సార్, ఎవ్వలకు చెప్పలె."