మెడనొప్పికి వ్యాయామం: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తున్న నా దగ్గరికి శ్రీకాళహస్తి కలంకారీ పనివారు, దర్జీలు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారు మెడనొప్పితో వస్తుంటారు. మూడు నెలలు దాటినా వదలని నొప్పి గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎముక అరిగింది, కదిలిస్తే ఇంకా అరుగుతుంది.

చేతిలో స్కానింగ్ రిపోర్టు, తల తిప్పాలంటే భయం. పక్కకు చూడాలన్నా ఒళ్లంతా తిప్పుతారు. అలాంటివారిని చూస్తే మనసు కష్టపడుతుంది. జపాన్‌లో మెడనొప్పి లాంటి బాధలేవీ లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీశారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 87.6 శాతం మందిలో డిస్కు (మెడ ఎముకల మధ్య దిండులా ఉండే మెత్తటి భాగం) ఉబ్బు కనిపించింది. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీ. రిపోర్టు చూసి మెడను బిగపట్టుకోవద్దు.

అపోహ: మెడకు కాలర్ పట్టీ వేసుకుని విశ్రాంతి తీసుకుంటే చాలు.

దెబ్బ తగిలాకో, ఆపరేషన్ అయ్యాకో డాక్టరు వేసుకోమంటే అది వేరే సంగతి. ఊరికే నెలల తరబడి వాడితే కండరాలు బలహీనపడతాయి.

అపోహ: తలను గుండ్రంగా తిప్పడమే మెడ వ్యాయామం.

దాంతో బిగుతు కాస్త వదులుతుంది, బలం రాదు. ఫిన్లాండ్‌లో దీర్ఘకాల మెడనొప్పి ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినులను ఏడాదిపాటు గమనించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. సాగదీతలు, గుండె వేగం పెంచే ఏరోబిక్ వ్యాయామాలతో సరిపెట్టుకున్నవారి కంటే, మెడ, భుజాల కండరాలకు బలం, ఓర్పు పెంచే వ్యాయామాలు చేసినవారికి నొప్పి బాగా తగ్గింది.

నేను ముందుగా నేర్పేది ఇది: తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. తల పైకెత్తకుండా, ‘సరే’ అన్నట్టు గడ్డాన్ని మెల్లగా గొంతు వైపు వంచి పది సెకన్లు ఉంచండి. గొంతుకు రెండు పక్కలా వేళ్లు ఆనించండి. అక్కడి కండరాలు పొంగితే ఎక్కువ బలం పెడుతున్నట్టే, కాస్త తగ్గించండి. ఊపిరి బిగబట్టకండి. ఇలా పదిసార్లు. ఇది కుదిరాక రబ్బరు బ్యాండుతో భుజాల వ్యాయామాలు మొదలుపెడతాం.

అపోహ: రోజూ గంటసేపు చేయాలి.

డెన్మార్క్ అధ్యయనంలో (2011) వారానికి ఐదు రోజులు, రోజుకు రెండే నిమిషాలు బ్యాండుతో చేసినవారికి కూడా పది వారాల్లో మెడ, భుజాల నొప్పి తగ్గింది.

అపోహ: అలిపిరి మెట్లెక్కితే మెడకూ వ్యాయామమే.

3,550 మెట్లు గుండెకు, కాళ్లకు ఎంతో మేలు. మెడ బలానికి మాత్రం మెడ వ్యాయామాలు చేయాల్సిందే.

అపోహ: చేస్తుంటే నొప్పి వచ్చిందంటే హాని జరుగుతున్నట్టే.

కొత్తలో కాస్త నొప్పి సహజం. మర్నాటికి తగ్గితే కొనసాగించండి, పెరిగితే మోతాదు తగ్గించండి. అయితే చేతుల్లో పట్టు తగ్గినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలుతున్నా, మూత్రం అదుపు తప్పినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా వ్యాయామం జోలికి పోకుండా ముందు డాక్టరును కలవండి.