పది మొహాలు ఎందుకుంటాయమ్మా!

చిట్టితల్లికీ బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిట్టితల్లి ఒక మాట అడిగింది. "తాతయ్యా, మా తెలుగు పాఠంలో 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అని ఉంది. అంటే రావణాసురుడిలా చాలా మొహాలుంటాయా?" అని. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మొహాలు కాదమ్మా. మన ఇల్లు తూర్పు ముఖం అంటాం కదా, ఇంటికి కళ్ళూ ముక్కూ ఉన్నాయనా? గుమ్మం అటు తిరిగి ఉందని. అలాగే ఒకే మనిషి తెలివి ఎన్నో వైపులకు తిరిగి పనిచేస్తే ఆ మాట వాడతాం.

మా తాత భుజం మీద ఎప్పుడూ ఒక గళ్ళ తువ్వాలు ఉండేది. ఎండలో అది తలపాగా. గడ్డిమోపు ఎత్తాలంటే దాన్నే చుట్టి నెత్తిన కుదురుగా పెట్టుకునేవాడు. సంతలో వంకాయలు కొంటే మూట, చెట్టు కింద పరిస్తే పక్క, ఉక్కపోస్తే విసనకర్ర. కాలువ కట్టేసి నీళ్ళు తగ్గిన రోజుల్లో మేం పిల్లలం దాన్ని పట్టుకుపోయేవాళ్ళం. మోకాలి లోతు నీళ్ళు, కాళ్ళ కింద జారే బురద. చెరో రెండు కొసలూ పట్టుకుని తువ్వాలు నీళ్ళలో ముంచి, చప్పుడు చేయకుండా గట్టువైపు జరిగి, ఒక్కసారిగా పైకెత్తేవాళ్ళం. నీళ్ళన్నీ కారిపోయి మధ్యలో పరిగె చేపలు మిలమిలా ఎగిరిపడుతుంటే మా కేకలు పక్క పొలాలదాకా వినిపించేవి. ఇంటికొచ్చాక ఆ నీచు వాసన పోయేదాకా ఉతకడం నాయనమ్మ వంతు.

తువ్వాలు ఒకటే, నేత ఒకటే. ఏ పనికి పెడితే ఆ పనికి ఒదిగిపోయింది. బహుముఖ ప్రజ్ఞ అంటే అది. కానీ దానితో చేపలు పట్టొచ్చని నేసినవాళ్ళూ చెప్పలేదు, అమ్మినవాళ్ళూ చెప్పలేదు. ఎవడో పిల్లవాడికి మొదటిసారి తట్టింది చూశావా, అది సృజన. ఈ రెండు మాటలూ పక్కపక్కనే తిరుగుతాయి గానీ ఒకటి కాదు.

భానుమతి గారిని చూడండి. 1939లో సినిమాల్లోకి వచ్చారు. నటించారు, తన పాటలు తానే పాడుకున్నారు, హాస్యకథలు రాశారు, సంగీతం కూర్చారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసినప్పుడు దర్శకత్వం కూడా ఆమెదే. తలపాగా చుట్టినప్పుడు తువ్వాలు అచ్చంగా తలపాగాయే కదా! పాడేటప్పుడు ఆమె కూడా అచ్చంగా గాయనే. ఆ మాట అలాంటివాళ్ళకు దాచుకోవాలి. సన్మానపత్రాల్లో అందరికీ పంచేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

'సవ్యసాచి' అని ఇంకో మాట ఉంది. అది అర్జునుడి పేరు, ఎడమచేత్తో కూడా బాణం వేయగలడు కాబట్టి. రెండు పనుల్లో సమానంగా ఆరితేరినవాళ్ళను అలా అంటాం. అడివి బాపిరాజు గారు నవలలూ రాశారు, బొమ్మలూ వేశారు. ఆయనకు ఆ మాట అతుకుతుంది.

చాలా పనులు రాకపోయినా ఒకే పని ఏళ్ళ తరబడి చేసి ఆరితేరినవారిని 'చేయి తిరిగినవాడు' అంటాం. చేయి తిరిగిన వంటవాడు, చేయి తిరిగిన రచయిత. కొత్త తువ్వాలు గంజితో గరుకుగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు. నాలుగు ఉతుకులు పడ్డాకే మెత్తబడి మన మాట వింటుంది. చేయి కూడా అంతే. బుజ్జిగాడూ, నీ డ్రాయింగు పుస్తకంలో సగం బొమ్మలు వేసి వదిలేశావని అమ్మ చెప్పింది. అన్నిట్లో వేలు పెట్టి దేన్నీ పూర్తిచేయకపోతే దాన్ని ప్రజ్ఞ అనరు నాన్నా. ముందు ఆ బొమ్మలు పూర్తిచెయ్యి.

ఈ ప్రజ్ఞా, ఈ సృజనా కలిసి ఒక్కచోట కనిపించేది అవధానంలో. తిరుపతి వేంకట కవులు ఊరూరా, సంస్థానాల్లో చేసి ఆ విద్యకు ఎంతో పేరు తెచ్చారు. అష్టావధానంలో పద్యాలు చెప్పే అవధాని చుట్టూ ఎనిమిదిమంది కూర్చుంటారు. ఒకరు నాలుగు మాటలిచ్చి అవన్నీ వచ్చేలా పద్యం చెప్పమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడి, ఇది వాడొద్దంటారు. ఒకరు మధ్యమధ్య సంబంధం లేని కబుర్లతో ధ్యాస మళ్ళిస్తారు. ఇంకొకరు గంట కొడుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. చివరికి పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి, కాగితం లేకుండా! అదంతా ఒక్క బుర్రలో ఎలా పడుతుందో నా మాటలతో వివరించడం కుదరదు, చూసి తీరాలి.

ఉగాదికి మీ ఊళ్ళో అవధానం పెడితే నాన్నతో వెళ్ళి ముందువరసలో కూర్చోండి. గంటలు మీరూ వేళ్ళ మీద లెక్కపెట్టండి. అవధాని గారి లెక్కతో మీ లెక్క కలిసిందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య