కుండ చెమట

చిరంజీవులు సహస్రకు, నిహాల్‌కు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. ఒకే ఉత్తరం రాసి, రెండో ప్రతి జిరాక్స్ తీయించి పంపుతున్నాను. అసలుది ఎవరికి వచ్చిందని పోట్లాడుకోవద్దు.

సహస్రా, నువ్వు అడిగింది మరోసారి ఇక్కడ రాస్తాను, నిహాల్‌కు కూడా తెలియాలి కదా. "తాతయ్యా, హైదరాబాదులో 41 డిగ్రీలట. అయినా నిహాల్ గంటసేపు క్రికెట్ ఆడాడట. మా బందరులో 36 మాత్రమే. నేను పది నిమిషాలు తొక్కుడుబిళ్ల ఆడేసరికి కళ్లు తిరిగాయి. నేను బలహీనమా, లెక్క తప్పా?"

నువ్వు బలహీనం కాదు తల్లీ, లెక్కా తప్పు కాదు. ఆ లెక్క సగమే. మిగతా సగం మన వసారాలో ఇసుక మీద కూర్చుని ఉంది.

పోయిన వేసవిలో ఆ కుండ మీద వేలితో నీ పేరు రాశావు, గుర్తుందా? పైన సన్నటి తడి ఉంది కాబట్టే రాయగలిగావు. లోపలి నీరే మట్టిలోంచి ఊరి బయటికి వస్తుంది. వచ్చిన తడి ఊరికే పోదు. ఆరుతూ ఆరుతూ కుండలోని వేడిని కొంత పట్టుకుపోతుంది. అందుకే లోపల మిగిలిన నీళ్లు అంత చల్లగా ఉంటాయి. మన ఒళ్లూ అంతే. చెమట పట్టడమంటే మనం ఊరడమే. లీటరు చెమట పూర్తిగా ఆరితే మన ఒంట్లోంచి పోయే వేడి ఎంతో తెలుసా? దానితో ఏడు లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచవచ్చు!

అయితే చెమట ఆరాలి. కారిపోతే ఏమీ లాభం లేదు. బందరు గాలి సముద్రం మీదుగా వచ్చేది, అప్పటికే తడి. తడి తువ్వాలుతో ఎంత తుడుచుకున్నా ఒళ్లు ఆరుతుందా? ఉక్కపోత అంటే అదే. హైదరాబాదు గాలి మే నెలలో పొడి తువ్వాలు, చెమటను ఇట్టే పీల్చేస్తుంది. అందుకే 41లో నిహాల్ ఆడాడు, 36లో నీకు కళ్లు తిరిగాయి.

నిహాల్, నువ్వు మాత్రం మీసం మెలేయకు. పొడి ఎండలో చెమట కనపడకుండానే ఆరిపోతుంది కాబట్టి కుండ ఎప్పుడు ఖాళీ అయిందో నీకే తెలియదు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యం చేసినట్టే.

కుండ అంటే నాకు మా నాయనమ్మే గుర్తొస్తుంది. మాది పల్నాడు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, మా ఊరివాళ్లు చూసే అని ఉంటారని చిన్నప్పుడు నా నమ్మకం. ఏటా సంక్రాంతి వెళ్లగానే నాయనమ్మ నన్ను కుమ్మరి తాత దగ్గరికి పంపేది. ఆయన కుండను వేలి కణుపుతో కొట్టి నా చెవి దగ్గర పెట్టేవాడు. ఖంగుమంటే మంచిది, డొక్కుమంటే ఎక్కడో పగులున్నట్టు. కుండను నెత్తిన పెట్టుకోనిచ్చేది కాదు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని రావాలి. ఒక ఏడు మా అత్తయ్య పెళ్లిచూపులకు మగపెళ్లివారు వస్తున్నారని ఇల్లంతా అలుకుతున్నారు. కుండ ఒక్కటే వెలవెలబోతోందని నాకు అనిపించింది. గిన్నెడు ఆముదం తెచ్చి దాని ఒంటికి పట్టించాను. నల్లగా నిగనిగలాడిపోయింది! మధ్యాహ్నం పెళ్లికొడుకు తండ్రి గ్లాసు నోట పెట్టి, ముఖం అదోలా పెట్టి, కింద పెట్టేశాడు. నాయనమ్మ ఒక గుక్క తాగి చూసి, "కాఫీ పొడి వేస్తే కాఫీ అయ్యేటట్టుంది" అంది. కుండ మీద చెయ్యి వేసి రాసింది, ఆ చెయ్యి వాసన చూసింది, నా వంక చూసింది. కొట్టలేదు. "కుండ చెమట పట్టాలిరా. దాని ఒళ్లు మూసేస్తే లోపల ఉడికిపోతుంది" అని మాత్రం అంది. ఆ వేసవంతా రోజూ రెండు బిందెలు మోసి దారిన పోయేవాళ్ల చలివేంద్రంలో పోయడం నాకు పడిన శిక్ష. పెళ్లి కుదిరిందిలే, నీళ్ల మూలంగా ఆగలేదు.

పాత కుండ సంగతి కూడా నాయనమ్మే చెప్పింది. రెండు మూడు వేసవులు వాడితే నీళ్లలోని ఉప్పు పేరుకుని దాని రంధ్రాలు పూడిపోతాయి. చూడటానికి కుండే, కానీ చల్లబరచదు. నేనూ మీ అమ్మమ్మా పాత కుండలం. ముసలివాళ్లకు చెమట సరిగా పట్టదు, దాహమూ తెలియదు. ఎండల్లో మధ్యాహ్నం మీరు మాకు ఫోను చేసి "నీళ్లు తాగారా" అని అడగడం మర్యాద కోసం కాదు, మందు ఇచ్చినట్టు.

ఇక్కడ నా కుండకు ఒక బీట ఉంది, ఒప్పుకుంటాను. కుండకు గుండె లేదు, మనకు ఉంది. లోపలి వేడిని చర్మం దాకా మోసుకొచ్చేది రక్తం, ఆ రక్తాన్ని తోసేది గుండె. ఎండ ముదిరే కొద్దీ అది వేగంగా కొట్టుకోవాలి. మీ గుండెలకు అదొక పరుగుపందెం, అంతే. జబ్బు గుండెకు అదే పందెం ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఎండకు పోయినవాళ్ల కాగితాల మీద చాలాసార్లు "గుండె ఆగింది" అని ఉంటుంది, "ఎండ" అని ఉండదు.

మరి ఎండ చేసిన పని ఎలా తెలుస్తుంది? పెళ్లిలో ఎంతమంది భోజనం చేశారో తెలియాలంటే ఎవరినీ అడగక్కరలేదు, లేచిన విస్తళ్లు లెక్కపెడితే చాలు. 2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండ 46.8 డిగ్రీలకు వెళ్లింది. పరిశోధకులు ఆ నెలలో మొత్తం ఎంతమంది చనిపోయారో లెక్కించి, అటూ ఇటూ ఏళ్ల మే నెలలతో పోల్చారు. 1,344 మంది ఎక్కువ ఉన్నారు. ఆ లెక్క చూశాకే 2013లో ఆ నగరం ఎండల కోసం ఒక పద్ధతి పెట్టుకుంది: ముందురోజే హెచ్చరిక, ఆసుపత్రుల్లో సిద్ధంగా మంచాలు, కూలీలకు నీళ్లు, నీడ. తర్వాత మళ్లీ లెక్క కట్టారు. ఏటా సగటున వెయ్యికి పైగా ప్రాణాలు నిలిచాయని తేలింది. 2015 మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2 వేల మందికి పైగా వడగాలులకు పోయారు. చాలామంది పనికి వెళ్లక తప్పనివాళ్లు, ముసలివాళ్లు. ఒకరు నాకు తెలిసినవాడే. పేరు రాయను.

"ఎండలు మీ చిన్నప్పుడూ ఉన్నాయి కదా" అని నిహాల్ అంటాడు. ఉన్నాయి నాన్నా. కానీ రాత్రి ఆరుబయట నులక మంచం వేస్తే నాలుగో జాముకి దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు రాత్రులు కూడా వేడిగా ఉంటున్నాయి, పగలంతా పరుగెత్తిన గుండెకు విశ్రాంతి లేదు. బొగ్గు, డీజిలు, పెట్రోలు కాలిస్తే రెండు వస్తాయి. ఒకటి మసి. అది కొన్నాళ్లకో వారాలకో రాలిపోతుంది, వాన కడిగేస్తుంది. రెండోది మా బడిలో బొగ్గుపులుసు వాయువు అనేవారు, మీరు కార్బన్ డయాక్సైడ్ అంటారు. దానికి తొందర లేదు. మా తాతల కాలంలో కాల్చిన బొగ్గు తాలూకు వాయువు కొంత ఇంకా మన నెత్తి మీదే ఉంది, భూమి వేడిని కప్పి ఉంచుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఇంకో 7 శాతం తేమను మోయగలదు. బందరు తువ్వాలు ఇంకా తడుస్తుందన్నమాట.

ఇక మసి. నాయనమ్మ పిడకల పొయ్యి ముందు ఊదుగొట్టంతో ఊదేది. వంట కుండ అడుగున అంగుళం మసి. "కుండకు పట్టింది సరే, నీ లోపల ఎంత పట్టిందో" అని అడిగే తెలివి మాకు ఎవరికీ లేదు. ఆవిడ దగ్గు మా ఇంటి గడియారం, తెల్లవారిందని దానితోనే తెలిసేది.

ఊపిరితిత్తుల లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి. వాటి గోడ కూడా కుండ గోడలాంటిదే, తనకు కావలసిన ప్రాణవాయువును రానిస్తుంది. ముక్కు పెద్ద దుమ్మును ఆపుతుంది. కానీ పొగలోని సన్న నలుసులు, 2.5 మైక్రాన్ల లోపువి, మీ తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉండవు. అవి సంచుల దాకా పోయి కూర్చుంటాయి. ఒంట్లోని కావలివాళ్లు వాటితో కొట్లాటకు దిగుతారు. ఆ గొడవ రక్తంలో పడి గుండె దాకా పాకుతుంది. కుండ ఇక్కడికి రాదు, వదిలేస్తున్నాను.

ఇదంతా తేల్చినవాళ్లలో ఆర్డెన్ పోప్ అనే ఆయన ఆర్థికశాస్త్రం చెప్పే మాస్టారు, వైద్యుడు కూడా కాదు! అమెరికాలో ఆయన ఉండే యూటా లోయలో ఒక ఉక్కు కర్మాగారం 1986లో కార్మికుల వివాదంతో 13 నెలలు మూతపడింది. ఆయన ఆసుపత్రి లెక్కలు తిరగేశాడు. కర్మాగారం నడిచిన చలికాలాల్లో ఊపిరి జబ్బులతో చేరిన పిల్లలు, మూతపడిన చలికాలం కన్నా రెండు మూడు రెట్లు ఉన్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో ఇంకొకరు మీ ఈడు పిల్లల చేత ఏటా ఒక గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచారు. 20 ఏళ్లలో అక్కడి గాలి శుభ్రపడే కొద్దీ పదిహేనేళ్లకు ఊపిరి తక్కువగా ఉన్న పిల్లలు 100కు 8 మంది నుంచి 4 లోపుకు తగ్గారు. గాలి మారింది, పిల్లల రొమ్ములు విశాలమయ్యాయి. నాయనమ్మ ఊదుగొట్టాన్ని కూడా ఎవరైనా అలా కొలిచి ఉంటే అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక కూడిక. కాలిఫోర్నియాలోనే 2014 నుంచి 2020 దాకా చావుల లెక్క చూశారు. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజు చావు ముప్పు 6 శాతం పెరిగింది. పొగ మరీ ఎక్కువున్న రోజు 5 శాతం. రెండూ ఒకే రోజు వస్తే ఎంత? 11 అని ఇద్దరూ చేయి ఎత్తుతారు. 21! నేను ఆ సంఖ్య దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఒళ్లు మనం చేసినట్టు కూడికలు చేయదు.

సరే, ఇక మీ పని. అమ్మను అడిగి గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొనిపించుకోండి, జ్వరం చూసేది వద్దు. నీడలో పక్కపక్కన వేలాడదీయండి. ఒకదాని కిందికొనకు పాత నూలుగుడ్డ చుట్టి తడపండి. విసనకర్రతో అయిదు నిమిషాలు విసిరి రెండూ చూడండి. తడిగుడ్డది కిందికి దిగుతుంది. ఎంత దిగితే మీ ఊరి గాలి మీ చెమటను అంత బాగా ఆరుస్తుందని అర్థం. నిహాల్, నీది బాగా దిగుతుంది. సహస్రా, నీది కొంచెం దిగి ఆగిపోతుంది. తడిగుడ్డది 28 దాటిన రోజు బిళ్ల పక్కన పెట్టి ఇంట్లోకి వచ్చేయి. ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని గదుల్లో ఉంచి పరీక్షిస్తే, ఉక్కలో తడిగుడ్డ లెక్క 31 దగ్గరే వాళ్ల ఒళ్లు ఓడిపోయింది.

రోజుకు మూడుసార్లు, రోహిణి కార్తె వెళ్లేదాకా రాయండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు. రాత్రి లెక్క మరిచిపోవద్దు, నాకు కావలసింది అదే. ఫోనులో చెప్పకండి, కాగితం మీద గీతలు గీసి పంపండి.

అమ్మమ్మ పిలుస్తోంది. కుండలో నీళ్లు అయిపోయాయట.

మీ తాతయ్య