టెస్టుకే టెస్టు పెట్టే పని: పిలకాయలు, పెద్దోళ్ళ జబ్బుల రీసెర్చ్ మీద అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నా. డాక్టర్ని కాదు, ముందే చెప్పేస్తున్నా, కామెంట్లలో మందులు అడగొద్దు. వార్డుల్లో తిరిగి స్టడీకి సరిపోయే పేషెంట్లని చూసుకోడం, ఇంట్లోవాళ్ళకి విషయం చెప్పి సంతకం తీసుకోడం, శాంపిల్ టైముకి ల్యాబుకి చేర్చడం, ఫారాలు నింపడం, ఇదీ నా పని. మా దగ్గర జరిగేవి ఎక్కువగా డయాగ్నోసిస్ స్టడీలు, అంటే జబ్బు ఉందో లేదో చెప్పే టెస్టుని ఎంతవరకు నమ్మొచ్చో చూసేవి, అందులోనూ పిలకాయలు, అరవై దాటిన పెద్దోళ్ళ మీద. పీలేరు నుంచి వచ్చినా సత్యవేడు నుంచి వచ్చినా అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే, అందుకే రాస్తున్నా.

అపోహ: "రీసెర్చ్ అంటే మా బిడ్డ మీద కొత్త మందు వేసి చూస్తారు"

మా స్టడీల్లో అసలు మందే ఉండదు. డాక్టర్ ఏ ట్రీట్‌మెంట్ ఇవ్వాలో అదే ఇస్తాడు, మేము పక్కనుంచి కాస్త రక్తమో మూత్రమో తీసుకుని, కొన్ని ప్రశ్నలడిగి, కొత్త టెస్టు చెప్పిన జవాబు అసలు జబ్బుతో సరిపోయిందా లేదా చూస్తాం. కొత్త టెస్టు రిజల్టు చూసేవాళ్ళకి పాత టెస్టు ఏం చెప్పిందో తెలీకుండా జాగ్రత్త పడతాం, తెలిస్తే కన్ను అటువైపే లాగుతుంది, ఎంత నిజాయితీపరుడైనా సరే.

దీని వెనకే వచ్చే భయం "రక్తమంతా లాగేస్తారు" అనేది. పది కిలోల బిడ్డ ఒంట్లో సుమారు 750 నుంచి 800 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. పిల్లల రీసెర్చ్‌లో చానాచోట్ల పాటించే హద్దు ఏందంటే ఒక్కరోజులో ఒంట్లో ఉండే రక్తంలో 1 నుంచి 5 శాతం లోపల, ఎనిమిది వారాలు కలిపినా 10 శాతం దాటకూడదు, బిడ్డ నీరసంగా ఉంటే ఇంకా తగ్గించాలి. మేము తీసేది రెండు మిల్లీలీటర్లు, అదికూడా వీలైనంతవరకు ట్రీట్‌మెంట్ కోసం ఎట్లాగూ గుచ్చే సూదితోనే.

అపోహ: "పెద్దోళ్ళకి పనిచేసిన టెస్టు పిలకాయలకి పనిచేయదా ఏంది, మళ్ళీ స్టడీ ఎందుకు"

ఇది చదువుకున్నోళ్ళే ఎక్కువ అడుగుతారు. నిజానికి నా ఉద్యోగం ఉండేదే ఈ ప్రశ్నకి జవాబు కోసం.

చిన్న బిడ్డకి ఏం నొప్పో చెప్పుకోడం రాదు, కళ్ళె బయటికి ఉమ్మడం రాదు. టీబీనే తీసుకోండి, పెద్దోళ్ళకి కళ్ళె టెస్టు చేస్తారు, పిలకాయలు కళ్ళె మింగేస్తారు, పైగా వాళ్ళ ఒంట్లో టీబీ క్రిములు తక్కువ ఉంటాయి కాబట్టి శాంపిల్ దొరికినా అందులో కనపడకపోవచ్చు. అందుకే పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి ట్యూబ్ వేసి కడుపులో నీళ్ళు తీస్తారు, ఆ తల్లి మొహం చూడలేం. మింగిన కళ్ళె చివరికి పోయేది మలంలోకే గదా అని మలంలో వెతికితే ఎట్లా ఉంటుందని స్టడీలు చేసి చేసి, శాంపిల్‌లో టీబీ క్రిమి జీన్లని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ మిషన్‌లో మలం శాంపిల్ పెట్టి చూడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ ఒప్పుకుంది. దాంట్లో నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి, బిడ్డ బరువు పెరగకుండా ఉండి ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే డాక్టర్ ఇంకా వెతుకుతాడు.

ఇంకోటి మన పక్క ఊరిదే. చిత్తూరు నుంచి గంటలో పోయొచ్చే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్లు ఎక్స్‌రే లేకుండా, బిడ్డ ఎంత తొందరగా ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ పట్టుకోవచ్చా అని చూశారు, 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇట్లాంటి స్టడీల మీదే తర్వాత లెక్కలు నిలబడ్డాయి: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. మీ ఊరి ఆశా కార్యకర్త ఈరోజు బిడ్డ పొట్ట చూస్తూ ఊపిరి లెక్కపెడుతోందంటే ఆ లెక్క ఇట్లా వచ్చిందే.

లెక్కపెట్టడం తేలికనుకుంటారు, ఒకసారి చేసి చూడండి. బిడ్డ తల్లి ఒళ్ళో నెమ్మదిగా ఉండాలి, ఏడిస్తే లెక్క చెడిపోతుంది, పాలు తాగేటప్పుడు కుదరదు, చొక్కా కొంచెం పైకెత్తి పొట్ట లేచి దిగడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పనికిరాదు, ఎందుకంటే పసిపిల్లలు ఒక్కోసారి గబగబా తీసి ఒక్కోసారి ఆగుతారు. కొత్తగా చేరిన వాళ్ళకి మేము మొదట నేర్పేది ఇదే, అందరూ ముప్పై సెకన్లకే వాచీ దించేస్తారు.

అపోహ: "పాజిటివ్ వచ్చింది, అంటే జబ్బు ఉన్నట్టే"

కొంచెం ఓపికగా చదవండి, మన ప్రాంతానికి చానా అవసరమైన సంగతి. వానలు పడి చలి మొదలయ్యే రోజుల్లో స్క్రబ్ టైఫస్ కేసులు మన వైపు బాగా వస్తాయి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. అది కనపడిందంటే డాక్టర్‌కి సగం పని అయిపోయినట్టే, కానీ అందరికీ ఉండదు. మేము చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, పిలకాయలకైతే మొలతాడు కింద కూడా చూస్తాం. తిరుమలలో గుండు కొట్టించుకుని వచ్చిన బిడ్డయితే తలమీద వెతకడం మాకు సులువు, దేవుడు సగం పని చేసిపెట్టినట్టు.

పక్కు లేకపోతే రక్తం టెస్టే దిక్కు. వెయిల్ ఫెలిక్స్ అని వందేళ్ళ పైబడిన టెస్టు ఒకటి ఇంకా కొన్ని ల్యాబుల్లో చేస్తున్నారు, జబ్బు ఉన్నోళ్ళలో చానామందిని అది వదిలేస్తుంది. ఇప్పుడు ఎక్కువ నమ్మేది ఐజీఎం ఎలైజా, జబ్బు క్రిమి మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీ రక్తంలో ఎంత ఉందో కొలిచే టెస్టు. ఇందులో మిషన్ పాజిటివ్, నెగటివ్ అని చెప్పదు, ఒక అంకె ఇస్తుంది, ఆ అంకె ఎంత దాటితే పాజిటివ్ అనాలో గీత మనుషులే గీయాలి. ఈ జబ్బు ఎప్పటినుంచో ఉన్న ప్రాంతంలో జబ్బు లేకుండా బాగున్నోళ్ళ రక్తంలో కూడా ఎంతోకొంత యాంటీబాడీ ఉంటుంది, వచ్చి తగ్గిపోయినా కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది. ఇంకో దేశంలో గీసిన గీత తెచ్చి ఇక్కడ పెడితే ఏ జరం వచ్చినా స్క్రబ్ టైఫస్ అనే పరిస్థితి వస్తుంది. అందుకే బాగున్నోళ్ళ రక్తం కూడా మాకు కావాలి. "నాకేం జబ్బు లేదు గదా, నా రక్తం ఎందుకు సామీ" అని ఒకాయన అడిగాడు, ఇందుకే సామీ. పొలాల్లోనే బతుకంతా గడిపిన అరవై ఏళ్ళ మనిషికీ మూడేళ్ళ బిడ్డకీ ఒకే గీత సరిపోతుందని ముందే అనుకోలేం, ఇద్దర్నీ విడివిడిగా చూడాల్సిందే.

ఇంకో లెక్క. ఒక టెస్టు జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బులేని 100 మందిలో 90 మందికి కరెక్టుగా లేదని చెప్తుంది అనుకుందాం. సీజన్లో జరంతో వచ్చిన 1000 మంది పిలకాయల్లో 200 మందికి నిజంగా స్క్రబ్ టైఫస్ ఉంటే, పాజిటివ్ వచ్చేది 260 మందికి, అందులో నిజం 180. అదే ఎండాకాలంలో 1000 మందిలో 20 మందికే ఉందనుకోండి, పాజిటివ్ 116 మందికి వస్తుంది, అందులో నిజం 18. అదే కిట్టు, అదే ల్యాబు, అదే టెక్నీషియన్. అక్టోబర్లో పాజిటివ్ వస్తే పదిలో ఏడు నిజం, ఏప్రిల్లో పదిలో రెండుకూడా లేదు. (అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, మా స్టడీవి కావు.) డాక్టర్ రిపోర్టు చూసి "ఊళ్ళో ఇంకెవరికైనా జరాలున్నాయా, పొలానికి పోయావా" అని అడిగేది కాలక్షేపానికి కాదు.

అపోహ: "డబ్బా మీద 98 శాతం అని రాసుంది"

ఎవరి మీద చూసి రాశారో అడగండి. ముదిరిపోయిన జబ్బుతో ఐసీయూలో ఉన్నోళ్ళని ఒకపక్క, కాలేజీలో చదివే ఆరోగ్యంగా ఉన్న కుర్రోళ్ళని ఒకపక్క పెట్టి చూస్తే ఏ టెస్టైనా 98 వస్తుంది, వాళ్ళని వేరు చేయడానికి టెస్టు కూడా అక్కర్లేదు. అసలు పరీక్ష ఓపీలో ఉంటుంది, మూడోరోజు జరంతో వచ్చిన బిడ్డ, డెంగీనా, టైఫాయిడా, స్క్రబ్ టైఫసా, ఉత్త వైరల్ జరమా తెలీని బిడ్డ. వరసగా వచ్చిన అందర్నీ తీసుకోవాలి, నచ్చినోళ్ళని ఏరుకోకూడదు. ఇది మాకు చానా చాకిరీ, రాత్రి రెండింటికి వచ్చిన పేషెంటు కూడా లెక్కలోకి రావాలి గదా.

అపోహ: "మా తాతకి జరమే లేదు, ఇన్‌ఫెక్షన్ యాడుంటుంది" / "వయసైపోయింది, అంతే"

ఈ రెండోమాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నిన్నటిదాకా పేపరు చదివిన మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వయసు కాదు, వయసు ఒక్కరాత్రిలో రాదు. పెద్దోళ్ళలో న్యుమోనియా దగ్గు, జరం లేకుండానే ఉత్త మగతగా, తిండి మానేయడంగా, కిందపడిపోవడంగా కనపడొచ్చు, గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండా వట్టి ఆయాసంతో రావచ్చు. వయసు పెరిగేకొద్దీ ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువ. అమెరికాలో వృద్ధుల కేంద్రాల్లో ఉండేవాళ్ళకి 100 ఫారన్‌హీట్ దాటితే చాలు జరంగా చూడమని, లేదా ఆ మనిషికి మామూలుగా ఉండేదానికంటే 2 డిగ్రీలు పెరిగినా చూడమని గైడ్‌లైన్ ఉంది. అంటే మీ తాతకి బాగున్న రోజున ఎంత ఉంటుందో మీకు తెలిసుండాలి.

అట్లాగని రిపోర్టులో కనపడిందంతా జబ్బూ కాదు. పెద్ద వయసు ఆడోళ్ళలో చానామందికి ఏ ఇబ్బందీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది, కల్చర్ పాజిటివ్ వచ్చిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టి అసలు కారణం వెతకడం ఆపేస్తే నష్టం అవ్వకే. కిడ్నీ పని చూసే క్రియాటినిన్ టెస్టు ఇంకో మోసం, అది కండలోంచి వచ్చేది, కండ కరిగిపోయిన బక్కపలచని ముసలామెకి కిడ్నీ సగం దెబ్బతిన్నా రిపోర్టులో నార్మల్ అనే రావచ్చు. రక్తం గడ్డ కట్టిందేమో అని చూసే డీ-డైమర్‌కైతే 50 ఏళ్ళు దాటినోళ్ళకి వయసుని పదితో గుణించి హద్దు పెట్టుకోవచ్చని 2014లో ఒక పెద్ద స్టడీ చూపించింది, అందరికీ పెట్టే 500 బదులు 78 ఏళ్ళ ఆయనకి 780. దానివల్ల ఎంతమందికి అక్కర్లేని సీటీ స్కాన్ తప్పుతుందో చూడండి.

అపోహ: "మతిమరుపు టెస్టులో మార్కులు తక్కువొచ్చాయి, డిమెన్షియానే"

1975 నుంచి వాడుతున్న ఎంఎంఎస్‌ఈ అనే 30 మార్కుల టెస్టులో తేదీ చెప్పమంటారు, 100 లోంచి 7 తీసేస్తూ పొమ్మంటారు, ఒక వాక్యం రాయమంటారు. బడి మొహం చూడని అవ్వకి అది మతి టెస్టా, చదువు టెస్టా? పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒకామెని ఈరోజు ఏ తేదీ అనడిగితే "గంగజాతర అయిపోయి ఎనిమిది దినాలాయ గదమ్మా" అనింది. రోజు లెక్కేసి చూస్తే కరెక్టు. ఫారంలో ఆ గడిలో మాత్రం సున్నా పడాల. ఆమెకి చెవి సరిగ్గా వినపడదు, ఒక కంట్లో శుక్లం, పక్కనే కొడుకు నిలబడి ప్రతిదానికీ తనే జవాబు చెప్తున్నాడు, ఆయన్ని టీకి పంపించినాక గానీ ఆమె గొంతు మేము వినలేదు.

ఈ తంటా అందరికీ ఉన్నదే. హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గర పల్లెల్లో చదువురాని పెద్దోళ్ళ కోసం ఎంఎంఎస్‌ఈని మార్చి హిందీలో ఒక టెస్టు తయారుచేశారు, తర్వాత వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు తెలుగుతో కలిపి అయిదు భాషల్లో టెస్టుల సెట్టు చేశారు. మార్చడమంటే తెలుగులోకి తిప్పడం మాత్రమే కాదు, చదువుకున్నోళ్ళకి ఎన్ని మార్కులు, చదువు లేనోళ్ళకి ఎన్ని మార్కులు మామూలో మళ్ళీ వందలమంది మీద చూసి తేల్చాలి. అందుకే ఏ జబ్బూ లేని పెద్దోళ్ళని కూడా కూర్చోమని బతిమాలతాం, వాళ్ళకేమో "నాకు పిచ్చనుకుంటాండారా" అని కోపం.

అపోహ: "సంతకం పెడితే ఇరుక్కున్నట్టే"

ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ట్రీట్‌మెంట్‌లో తేడా రాకూడదు. 18 లోపు పిలకాయలకి అమ్మానాన్న సంతకం కావాలి, ఏడేళ్ళు దాటితే బిడ్డని కూడా అడగాలి, 12 దాటితే బిడ్డతో కూడా రాతలో తీసుకోవాలి. తండ్రి సరే అన్నా తొమ్మిదేళ్ళ పిల్లోడు సూది చూసి వద్దన్నాడంటే నేను లేచి వచ్చేస్తా, టార్గెట్ పోతే పోయింది. వేలిముద్ర వేసేవాళ్ళకైతే స్టడీతో సంబంధంలేని ఒక సాక్షి పక్కనుండి అంతా విని సంతకం చేయాలి. స్టడీకి ముందు, పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, దాని ఛైర్మన్ ఆ ఆసుపత్రి మనిషి అయ్యుండకూడదు, డాక్టర్లు కాని మామూలు మనిషి కూడా అందులో ఉండాలి.

డబ్బులిస్తారా అని కూడా అడుగుతారు. స్టడీ కోసం మళ్ళీ రమ్మంటే బస్సు ఛార్జీలు, ఆ పూట పని పోయినందుకు ఎంతోకొంత ఇవ్వొచ్చు, అదికూడా కమిటీ ఒప్పుకున్నంతే. స్టడీకోసం చేసే టెస్టుకి మీ దగ్గర డబ్బు అడిగితే మాత్రం ఎందుకని నిలదీయండి. తెలుగులో రాసిన కాగితం ఇస్తారు, రెండుమూడు పేజీలుంటుంది, ఇంటికి తీసుకెళ్ళి చదివించుకుని రేపు చెప్తామన్నా తప్పులేదు. అందులో ఫోన్ నంబర్ ఉందా లేదా చూసుకోండి, సంతకం పెట్టినాక ఒక కాపీ మీకివ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.