గ్లిజరిన్, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే: అపోహలు - వాస్తవాలు

విశాఖలో క్యాటలిస్టుల (రసాయన చర్యల వేగం పెంచే పదార్థాల) మీద పనిచేస్తున్న నన్ను బయోడీజిల్ యూనిట్ల వాళ్లు, ఎం.టెక్ పిల్లలు తరచూ ఒకటే అడుగుతారు. బయోడీజిల్ తీశాక మిగిలే గ్లిజరిన్‌నీ, పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌నీ కలిపేస్తే రెండు బెడదలూ తీరిపోవా అని. ఈ కెమిస్ట్రీ మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అందుకే దాని మీద లేనిపోని ఆశలు పెట్టుకోవద్దని చెబుతున్నాను.

అపోహ: దీంతో ఫ్యాక్టరీల పొగకు పరిష్కారం దొరికినట్టే.

వాస్తవం: లెక్క వేద్దాం. 92 కిలోల గ్లిజరిన్ 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని 118 కిలోల గ్లిజరాల్ కార్బొనేట్, 18 కిలోల నీరు ఇస్తుంది. పరవాడ దగ్గర సింహాద్రి ప్లాంటు సామర్థ్యం 2,000 మెగావాట్లు. బొగ్గు కరెంటు యూనిట్‌కు 0.9 కిలోల చొప్పున వేసుకున్నా ఫుల్ లోడ్‌లో గంటకు 1,800 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ప్రపంచమంతటా ఏడాదికి 40 లక్షల టన్నుల గ్లిజరిన్ వస్తుందనుకుని, చుక్క మిగలకుండా వాడేసినా పట్టేది 19 లక్షల టన్నులే. అది ఆ ఒక్క ప్లాంటు నెలన్నరలో వదిలేది. ఈ పనికి విలువ వచ్చేది తయారయ్యే సరుకు వల్ల. గ్లిజరాల్ కార్బొనేట్ తేలిగ్గా ఆవిరి కాని సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం), నురుగు పరుపుల్లో, పూతల్లో వాడే పాలీయురెథేన్ల తయారీకి ముడిసరుకు కూడా.

అపోహ: మంచి క్యాటలిస్ట్ దొరకాలేగానీ దిగుబడి దానంతటదే వస్తుంది.

వాస్తవం: పిల్లలు ఎక్కువ కాలం పోగొట్టుకునేది ఇక్కడే. క్యాటలిస్ట్ రియాక్షన్ వేగం పెంచుతుంది, సమతాస్థితిని, అంటే రియాక్షన్ చివరికి ఎంతవరకు వెళ్లి ఆగుతుందన్నదాన్ని, మార్చలేదు. కార్బన్ డయాక్సైడ్ కట్టె కాలాక మిగిలిన బూడిద లాంటిది, తన శక్తంతా ఎప్పుడో వదిలేసుకుంది. ప్రెషర్ పెంచితే కొంత లాభమే గానీ, పుట్టే నీరు రియాక్షన్‌ను వెనక్కి లాగుతుంది. సీరియం ఆక్సైడ్ అనే క్యాటలిస్ట్‌తో పాటు 2-సయనోపిరిడిన్ లాంటి, నీటిని లాక్కునే పదార్థం వేస్తే దిగుబడి బాగా పెరుగుతుంది. అయితే ఒక్కో నీటి అణువుకూ ఒక్కో సయనోపిరిడిన్ అణువు ఖర్చవుతుంది. దాన్ని మళ్లీ మొదటి రూపానికి తేవడం వేరే ప్రక్రియ. రీసెర్చ్ పేపర్లో దిగుబడి అంకె చూశాక ఆ ఖర్చు ఎక్కడ లెక్కగట్టారో వెతకండి.

నన్నడిగితే చుట్టుదారే మేలంటాను. యూరియా తయారయ్యేదే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌లతో. జింక్ క్యాటలిస్ట్ వేసి, సుమారు 140 డిగ్రీల దగ్గర, వాక్యూమ్‌తో అమ్మోనియాను లాగేస్తూ యూరియాను గ్లిజరిన్‌తో కలిపితే అదే కార్బొనేట్ వస్తుంది. యూరియాకు బదులు డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రవాన్ని గ్లిజరిన్‌తో కలిపే దారిలో అయితే మిథనాల్ మిగులుతుంది. బయోడీజిల్ యూనిట్‌కు అది మళ్లీ పనికొస్తుంది.

అపోహ: గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి చేసిన సున్నం పర్యావరణానికి మేలైన క్యాటలిస్ట్, ఎన్నిసార్లైనా వాడొచ్చు.

వాస్తవం: డైమిథైల్ కార్బొనేట్ రియాక్షన్‌కు సున్నం చక్కగా పనిచేస్తుంది. కానీ 100 కిలోల కాల్షియం కార్బొనేట్ కాలిస్తే 56 కిలోల సున్నమే మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. మన సముద్రపు గాలిలోని తేమకు డబ్బా మూత సరిగా పెట్టకపోతే అది వాడకముందే హైడ్రాక్సైడ్, కార్బొనేట్‌గా మారిపోతుంది. పైగా కొంత కాల్షియం గ్లిజరిన్‌లో కరుగుతుంది. రియాక్షన్ మధ్యలో వేడిగా ఉండగానే సున్నాన్ని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవంలో రియాక్షన్ ఇంకా సాగుతోందేమో చూడాలి. సాగుతోందంటే కరిగిన కాల్షియం కూడా పనిచేస్తున్నట్టే, అలా కరిగిపోయే సున్నాన్ని ఎన్నిసార్లైనా వాడలేం.

అపోహ: యూనిట్లో మిగిలే గ్లిజరిన్, మందుల షాపులో అమ్మే గ్లిజరిన్ ఒకటే.

వాస్తవం: కానే కాదు. యూనిట్లో మిగిలే, శుద్ధి చేయని క్రూడ్ గ్లిజరిన్‌లో మిథనాల్, సబ్బు, లవణాలు, నీరు ఉంటాయి. అందులోని సోడియం, పొటాషియం యాసిడ్ క్యాటలిస్టులను చంపేస్తాయి. మిథనాల్ విషం కాబట్టి క్రూడ్ గ్లిజరిన్‌తో ఇంట్లో సబ్బులు, క్రీములు చేయొద్దు. డ్రమ్ము కొనేవాళ్లు మిథనాల్, నీరు, బూడిద శాతం ఉన్న టెస్ట్ రిపోర్ట్ అడగండి. రిపోర్ట్ లేని డ్రమ్ముతో ప్రయోగం మొదలుపెట్టకండి.