హమాస్‌కు ప్రజాదరణ ఎంత? ఓట్లు, సీట్లు, సర్వేలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: 2006 శాసనసభ ఎన్నికల్లో పాలస్తీనీయుల్లో అత్యధికులు సాయుధ ఇస్లామిస్టు సంస్థ హమాస్‌కే ఓటేశారు.

వాస్తవం: ఓట్లు దాదాపు సమానం, సీట్లు మాత్రం ఏకపక్షం. మొత్తం 132 స్థానాల్లో హమాస్‌కు 74, దాని ప్రత్యర్థి పార్టీ ఫతాకు 45 వచ్చాయి. ఓటరు నేరుగా పార్టీకి వేసే జాతీయ జాబితా ఓట్లు చూస్తే హమాస్‌కు 44, ఫతాకు 41 శాతం. ఆ ఓట్ల నిష్పత్తిలో పంచిన 66 సీట్లలో తేడా ఒక్కటే: 29, 28. అసలు ఆట మిగతా 66లో, అంటే 16 జిల్లాల్లో జరిగింది. జిల్లాకు ఎన్ని సీట్లుంటే ఓటరు అన్ని పేర్లకు టిక్కు పెట్టొచ్చు. హమాస్ ఉన్న సీట్లకు మించి అభ్యర్థులను నిలపలేదు. ఫతాలో టికెట్ దక్కనివాళ్లు స్వతంత్రులుగా దిగి సొంత పార్టీ ఓట్లనే చీల్చారు. రెబెల్స్ బెడద మనకు తెలియనిదా! హెబ్రాన్ జిల్లాలో తొమ్మిదికి తొమ్మిదీ హమాస్‌వే. జిల్లాల్లో మొత్తం లెక్క 45, 17.

అపోహ: హమాస్ వ్యూహమంతా తుపాకీయే.

వాస్తవం: తుపాకీ ఉంది, బస్సుల్లో పౌరులను చంపిన ఆత్మాహుతి దాడులూ ఉన్నాయి. వాటి పక్కనే క్లినిక్కులు, జకాత్ సాయం, మసీదుల చుట్టూ అల్లుకున్న సంఘాలు. ఇజ్రాయెల్‌తో కుదిరిన ఓస్లో శాంతి ఒప్పందంలోంచి పుట్టాయని 1996 ఎన్నికలను బహిష్కరించినవాళ్లే, 2006లో ‘మార్పు, సంస్కరణ’ జాబితాగా బరిలో దిగి ఫతా అవినీతిని ఎండగట్టారు. ఆయుధాలు మాత్రం వదల్లేదు. 2007 జూన్‌లో గాజాను బలప్రయోగంతోనే చేజిక్కించుకున్నారు.

అపోహ: సర్వేలో మద్దతు పెరిగితే పాలన నచ్చినట్టే.

వాస్తవం: ఇజ్రాయెల్‌పై హమాస్ చేసిన 2023 అక్టోబరు 7 దాడికి ముందు అరబ్ బారోమీటర్ అనే సర్వే సంస్థ అడిగితే, హమాస్ ప్రభుత్వంపై నమ్మకం అసలు లేదని లేదా పెద్దగా లేదని గాజాలో 67 శాతం మంది చెప్పారు. డిసెంబరులో రమల్లాలోని ఒక సర్వే కేంద్రం లెక్క ప్రకారం, మూడు నెలల్లో హమాస్‌కు మద్దతు వెస్ట్‌బ్యాంక్‌లో 12 నుంచి 44 శాతానికి ఎగబాకింది. గాజాలో 38 నుంచి 42కే. హమాస్ పాలన లేని వెస్ట్‌బ్యాంక్‌లోనే అంత పెరుగుదల! అందుకే సర్వే చేతికొస్తే ముందు మూడు చూడాలి: అడిగింది పార్టీ గురించా, ప్రభుత్వం గురించా, దాడి గురించా; రెండు ప్రాంతాల అంకెలు విడివిడిగా ఇచ్చారా; ఏ తేదీల్లో అడిగారు. రెండు ప్రాంతాలనూ కలిపేసిన సగటు అంకెతోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

అపోహ: హమాస్‌ను గాజావాళ్లే కదా ఎన్నుకున్నది!

వాస్తవం: 2006 తర్వాత శాసనసభ ఎన్నికలే జరగలేదు. 2021 మేలో జరగాల్సినవాటిని పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్ ఏప్రిల్‌లో వాయిదా వేశారు. ఓటు వయసు 18. అంటే 2023 అక్టోబరు నాటికి 35 ఏళ్లు నిండని గాజావాసి ఎవరికీ 2006 ఎన్నికలో ఓటే లేదు.