తూకం చెప్పని నీళ్లు

కిడ్నీలు పనిచేయక డయాలసిస్‌కి వచ్చిన పేషెంట్ మంచం ఎక్కే ముందు తూకం మిషన్ ఎక్కాలి. ఈ రోజు 63 కిలోలు. పోయినసారి ఇంటికి వెళ్లేటప్పుడు 60. రెండు రోజుల్లో ఎవరికీ మూడు కిలోల కండ పెరగదు, కాబట్టి అవి నీళ్లే. టెక్నీషియన్ మూడు లీటర్లు తీసేలా మిషన్ సెట్ చేస్తాడు. ఇంతవరకు లెక్క తేలికే. చిక్కంతా ఆ 60 దగ్గర ఉంది. అది సరైన అంకె అని ఎలా తెలుసు?

ఆ అంకెను డ్రై వెయిట్ అంటారు. ఒంట్లో అదనపు నీరు ఉండకూడదు, అలాగని బీపీ పడిపోకూడదు, పిక్కలు పట్టేయకూడదు. అలా మనిషి తట్టుకోగలిగే అతి తక్కువ బరువు అది. దాన్ని నేరుగా చెప్పే రక్తపరీక్ష లేదు. చాలాచోట్ల ఇప్పటికీ బరువును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయి, కళ్లు తిరుగుతున్నాయని పేషెంట్ అన్నచోట ఆగి, కాస్త వెనక్కి వస్తారు. మోటు పద్ధతే, కానీ పూర్తిగా వదిలేయడం ఎవరి వల్లా కాలేదు.

పైగా ఆ అంకె ఒకచోట నిలవదు. జ్వరమొచ్చి ఒక పేషెంట్ నెల రోజులు సరిగ్గా తినలేదనుకుందాం. రెండు కిలోల కండ కరిగింది. టార్గెట్ మార్చలేదు కాబట్టి డయాలసిస్ అయ్యాక తూకం ప్రతిసారీ 60 దగ్గరే ఆగుతోంది. అంటే కరిగిన కండ స్థానంలో రెండు లీటర్ల నీరు చేరింది. చార్టులో అంతా సవ్యంగానే ఉంటుంది, మనిషికి మాత్రం వెల్లకిలా పడుకుంటే ఆయాసం. మళ్లీ ఆకలి పుట్టి ఒళ్లు చేసినప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. పెరిగిన కండను నీరనుకుని లాగేస్తారు, బీపీ పడిపోతుంది. నన్నడిగితే, ‘ఈ మధ్య తిండి ఎలా తింటున్నారు?’ అన్న ప్రశ్నకు తూకం మిషన్‌తో సమానమైన విలువ ఉంది.

60 కిలోల మనిషి ఒంట్లో సుమారు 35 లీటర్ల నీరు ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు కణాల లోపలే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కణాల మధ్య ఉంటుంది. రక్తనాళాల్లో ప్లాస్మాగా, అంటే రక్తంలోని ద్రవంగా, తిరిగేది సుమారు మూడు లీటర్లే. మిషన్‌కు అందేది ఆ రక్తం ఒక్కటే. మూడు లీటర్ల ప్లాస్మా ఉన్న మనిషి నుంచి నాలుగు గంటల్లో మూడు లీటర్లు తీస్తున్నారంటే, తీస్తున్నకొద్దీ చుట్టూ ఉన్న కణజాలం నుంచి నీరు రక్తంలోకి ఊరుతూ ఉండాలి. ఊరే వేగం కన్నా తీసే వేగం ఎక్కువైతే బీపీ జారుతుంది, గుండె కండరానికి రక్తం చాలదు. ఇది పదే పదే జరిగితే గుండె దెబ్బతింటుంది. అందుకే కిలో బరువుకి గంటకు 13 మిల్లీలీటర్లు మించకుండా చూస్తారు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది 3.1 లీటర్లు. మన పేషెంట్ సరిగ్గా అంచు మీద ఉన్నాడన్నమాట. అంతకన్నా ఎక్కువ నీరు చేరితే వేగం పెంచడం కన్నా టైమ్ పెంచడం మేలు.

పాదాల మీద వేలితో నొక్కి సొట్ట పడుతోందా అని చూడడం పాత పరీక్ష. కానీ రెండు మూడు లీటర్లు ఎక్కువైతే గాని వాపు బయటపడదు. పైగా కొన్ని బీపీ మాత్రల వల్లా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా పాదాలు వాస్తాయి.

అందుకే కొన్నిచోట్ల బయోఇంపిడెన్స్ వాడుతున్నారు. పేషెంట్‌ను పడుకోబెట్టి చేతికీ కాలికీ ఎలక్ట్రోడ్లు అంటించి, తెలియనంత చిన్న కరెంటు పంపుతారు. తక్కువ ఫ్రీక్వెన్సీలో, అంటే 5 కిలోహెర్ట్జ్ దగ్గర, కరెంటు కణాల్లోకి దూరలేక వాటి చుట్టూ ఉన్న నీటిలోంచే పోతుంది. 1000 కిలోహెర్ట్జ్‌కి చేరితే కణాల లోంచి కూడా దూసుకెళ్తుంది. ఈ రెండింటి తేడాతో బయట నీరెంత, లోపల నీరెంత అని లెక్క కడతారు. బరువు మారకుండా కండ కరిగి నీరు చేరిన పేషెంట్‌ని ఇది పట్టుకోగలదు. అయితే పొట్టలో చేరిన నీటిని సరిగ్గా లెక్కించలేదు, బయట ఉన్న నీటిలో రక్తనాళాల వాటా ఎంతో విడిగా చెప్పలేదు.

ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ మరో దారి. నీరు చేరిన ఊపిరితిత్తిలో, తెర మీద నిలువుగా దిగే తెల్లటి గీతలు కనిపిస్తాయి. స్టెతస్కోప్‌కి దొరకని నీటిని కూడా ఇవి చూపిస్తాయి. గీతలు లెక్కపెట్టి వైద్యం చేసిన లస్ట్ అనే ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది గానీ, మరణాలూ గుండె జబ్బులూ కలిపి చూస్తే తేడా తేలలేదు. డయాలసిస్ సాగుతుండగా రక్తం ఎంత చిక్కబడుతోందో చూసే సెన్సర్ల సంగతి ఇంకా విచిత్రం. 2005 నాటి ఒక ట్రయల్‌లో, సెన్సర్ పెట్టినవాళ్లే ఎక్కువగా ఆస్పత్రిలో చేరారు. కొత్త పరికరం రాగానే సమస్య తీరినట్టు రాసే వార్తలను నేను కాస్త అనుమానంగా చదవడానికి కారణం ఇదే.

నీళ్లు తక్కువ తాగమని అందరూ చెబుతారు, ఉప్పు గురించి అంత గట్టిగా చెప్పరు. ఒంట్లో సుమారు 9 గ్రాముల ఉప్పు నిలిస్తే దాంతోపాటు ఒక లీటరు నీరు నిలవాల్సిందే. అప్పటిదాకా దాహం ఆగదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ స్క్రిబ్నర్ దీర్ఘకాల డయాలసిస్ మొదలుపెట్టిన తొలి పేషెంట్ క్లైడ్ షీల్డ్స్‌కి బీపీ విపరీతంగా ఉండేది. దాన్ని అదుపులోకి తెచ్చింది నీరు తీయడం, ఉప్పు తగ్గించడం.

అయితే నీరు తీసిన మర్నాడే బీపీ దిగదు, కొన్ని వారాలు పట్టొచ్చు. ఆ వారాల్లో టెన్షన్‌తో మాత్రలు పెంచితే డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతుంది. దాంతో నీరు తీయడం ఆపాల్సి వస్తుంది, మిగిలిన నీటికి బీపీ మళ్లీ ఎక్కుతుంది.